ఔట్‌బోర్డ్ స్టీరింగ్ సిలిండర్: గ్లాండ్లు విప్పి సీళ్లు మార్చిన పని

శుక్రవారం సాయంత్రం

పడవకు ఒకటే ఔట్‌బోర్డ్, అంటే వెనక బయట తగిలించే ఇంజన్. దాన్ని తిప్పేది ఇంజన్ ముందు బిగించే రకం సీస్టార్ కంపెనీ ఆయిల్ సిలిండర్, దానికి ఆయిల్ తోసేది స్టీరింగ్ వీల్ వెనకుండే హెల్మ్ పంపు, చుట్టుకు 1.7 ఘనపు అంగుళాలు. పడవ తిరిగేది టెక్సస్‌లోని గాల్వెస్టన్ బే ఉప్పునీళ్లలో.

విప్పే ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోవాలి. షాఫ్టు శుభ్రంగా తుడిచి, వీల్ అటు చివరికీ ఇటు చివరికీ పదేసి సార్లు తిప్పితే కుడి గ్లాండ్ (షాఫ్టు బయటికొచ్చే చోట సిలిండర్ కొసను మూసే మర మూత, సీళ్లు ఇందులోనే ఉంటాయి) పక్కన షాఫ్టు మీద ఆయిల్ ఉంగరంలా మిగిలింది. అంటే గ్లాండ్ సీలు పోయింది. బయట చుక్క కారకపోయినా, చివరికి వచ్చాక కూడా వీల్ మెల్లగా తిరుగుతూనే ఉంటే ఆయిల్ పిస్టన్ దాటి లోపలే జారుతోందని అర్థం, లేదా హెల్మ్ లోపలే ఎక్కడో జారుతోంది. అలాంటప్పుడు గ్లాండ్ కిట్ కొనడం దండగ. వీల్ వెనక కారితే అది హెల్మ్ షాఫ్టు సీలు. ఇక్కడ కారేది ఒకవైపే అయినా రెండు వైపులా మార్చాలి. రెండిటి వయసూ ఒకటే, విప్పినప్పుడు ఆయిల్‌లో చేరే గాలిని తీసే చాకిరీ రెండుసార్లు ఎందుకు?

శనివారం

హోస్‌లకు కుడి, ఎడమ అని టేపు చుట్టి రాసి, విప్పి, నోళ్లకు బిరడాలు పెట్టడమైంది. అవి తారుమారైతే వీల్ ఒకవైపు తిప్పితే పడవ మరోవైపు పోతుంది. ఈ రకంలో షాఫ్టు కదలదు. దాని రెండు కొసలూ సపోర్టు ప్లేట్లకు బిగించి ఉంటాయి, సిలిండర్ బాడీయే అటూ ఇటూ జరిగి ఇంజన్‌ను తిప్పుతుంది. టిల్లర్ బోల్టు (సిలిండర్‌ను ఇంజన్‌కు కలిపేది) తీశాక ఇంజన్‌ను పట్టి ఉంచేదేమీ ఉండదు కాబట్టి ముందే తాడుతో కట్టాలి.

రోజంతా మింగింది గ్లాండే. దాని ముఖం మీద రెండు చిన్న బెజ్జాలుంటాయి, పిన్ స్పానర్ వాటిలో దిగాలి. మర మామూలుదే, ఎడమకు తిప్పితే ఊడుతుంది. కానీ ఉప్పునీళ్లు మరల్లో ఇంకి తెల్లటి పొడిలా తుప్పు పేరుకుంటే గ్లాండ్, బాడీ ఒకే ముక్కలా అతుక్కుపోతాయి. ఆ స్థితిలో బలం చూపితే బెజ్జాలు కోలగా సాగిపోతాయి, తర్వాత స్పానర్ పట్టదు. అందుకే రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి వదిలేయడం, పొద్దున బాడీ కొసను హీట్ గన్‌తో చుట్టూ వేడి చేయడం. మంట పనికిరాదు, లోపల ఆయిల్ ఉంది. తర్వాత ముందుగా కాస్త బిగించే వైపు, ఆపైన విప్పే వైపు. ఎడమది రెండో వేడికి కదిలింది, కుడిది నాలుగో వేడికి గానీ మెత్తబడలేదు. బాడీని వైస్‌లో నేరుగా బిగించకూడదు, మెత్తటి చెక్కలు పెట్టాలి. నొక్కుకుపోయిన గొట్టంలో పిస్టన్ ఇరుక్కుంటుంది.

గ్లాండ్ ఊడగానే చూడాల్సింది షాఫ్టు. గోరుతో పొడవునా గీసుకుంటూ పోయి ఎక్కడైనా తగిలితే ఆగాలి. సన్నటి గీతలను 1000, ఆపైన 1500 నంబరు నీటి కాగితంతో షాఫ్టు చుట్టూ తిప్పుతూ రుద్దవచ్చు. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంటే ఆయిల్ బయటికొస్తుంది. తుప్పు గుంటలుంటే మాత్రం షాఫ్టు మార్చాల్సిందే, కొత్త సీలును కోసేది ఆ గుంటల అంచులే. ఇక్కడ గుంటలు లేవు, ఎండిపోయిన ఉప్పు పొర ఉంది. పాత సీలు పెదవి (షాఫ్టును ఒరిసే అంచు) అరిగింది దానివల్లే.

ఆదివారం

పాత సీళ్లు ప్లాస్టిక్ పుల్లతో తీయాలి. ఇనుప మొన గాడిలో గీత పెడితే అదే కొత్త లీకు. లోపలి సీలు పెదవి ఆయిల్ వైపు, వైపర్ (షాఫ్టు మీది మురికి తుడిచే బయటి సీలు) పెదవి బయటి వైపు ఉండాలి. తిరగేస్తే మొదటి రోజే కారుతుంది. గ్లాండ్ ఎక్కించే ముందు షాఫ్టు మరల మీద టేపు ఒక చుట్టు చుట్టి, స్టీరింగ్ ఆయిల్ రాస్తే పెదవి తెగదు. బయటి మరలకు మెరైన్ గ్రీజు రాస్తే వచ్చేసారి హీట్ గన్ బాధ తగ్గుతుంది.

ఆయిల్ తయారీదారు చెప్పిన మినరల్ రకమే పోయాలి. బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. హెల్మ్ మీద ఆయిల్ సీసా తలకిందులుగా పెట్టి, వీల్ ఒక చివరికి తిప్పి, సిలిండర్‌లో పిస్టన్‌కు అటూ ఇటూ ఉన్న రెండు గదుల్లో పూర్తిగా మూసుకుపోయిన దాని వైపు బ్లీడర్ (గాలి వదిలే చిన్న మర) వదులు చేయాలి. ఒకరు బాడీ జరగకుండా పట్టుకుంటే, రెండోవారు వీల్ ఎదురు వైపు తిప్పాలి. బుడగలు ఆగాక, వీల్ తిరుగుతుండగానే బ్లీడర్ బిగించాలి. తర్వాత రెండో వైపు. మొత్తానికి సుమారు రెండు లీటర్లు దగ్గర పెట్టుకోవాలి. మధ్యలో సీసా ఖాళీ అయితే పని మళ్లీ మొదటికి.

చివరి నుంచి చివరికి ఐదు చుట్ల దగ్గర వీల్ గట్టిగా ఆగింది, కానీ రెండో విడత తర్వాతే. మొదటి విడత తర్వాత ఆరు దాటింది, పైగా ఆగే చోట స్పాంజిలా ఉంది. గాలి మిగిలిందన్నమాట, ఇంకో విడత తీయాల్సి వచ్చింది.

సోమవారం

రెండు గ్లాండ్ల కిందా రాత్రి పరిచిన కాగితం పొడిగానే ఉంది. హెల్మ్‌లో మట్టం కొద్దిగా దిగితే ఆయిల్ పోయడమైంది. టిల్లర్ బోల్టు సెల్ఫ్ లాకింగ్ నట్టు కొత్తది వేశాం. తీసిన నట్టు మళ్లీ బిగిస్తే పట్టు నమ్మలేం.