నైరోబీ టు లాగోస్: అయిదు గంటలా, పదమూడా?

కెన్యాలోని నైరోబీ నుంచి నైజీరియాలోని లాగోస్ ఎంత దూరం అని ఫోన్లో కొడితే దగ్గర దగ్గర 3,800 కిలోమీటర్లు, అయిదు గంటల పైచిలుకు ఫ్లైట్ అని వచ్చింది, ఓస్ ఇంతేనా, పొద్దున్నే ఎక్కితే భోజనం టైంకి అక్కడుంటాం అనుకున్నా. ఆ 3,800 అనేది గాల్లో గీత గీస్తే వచ్చే లెక్క, ఆ గీత మీద మనక్కావాల్సిన రోజు ఫ్లైట్ కూడా ఉండాలి కదా, అది తట్టలేదు నాకు.

దొరికింది ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా మీదుగా. మ్యాప్ చూడండి ఒకసారి, లాగోస్ ఉన్నది పడమర, అడిస్ ఏమో ఉత్తరాన. ముందు 1,160 కిలోమీటర్లు పైకి పోయి అక్కణ్ణించి మళ్ళీ 3,900 పడమరకి, మొత్తం 5,000 దాటేసింది. గాల్లో ఏడున్నర గంటలే గానీ మధ్యలో ఆరు గంటలు గ్యాప్, ఇంకేముంది పదమూడు పైన.

ఆ గ్యాప్‌లో ఓ తమాషా. కాఫీ ఇచ్చిన అబ్బాయి వాచీలో నాలుగు, నా వాచీలో పది. ఫ్లైట్ పోయిందేమో అని గుండె జారిపోయింది! ఇథియోపియాలో గంటలు తెల్లవారినప్పట్నుంచి లెక్కేస్తారట, మన ఏడు వాళ్ళకి ఒకటి. టికెట్ మీద మాత్రం మామూలు టైమే ఉంటుంది, కంగారక్కర్లేదు. నైరోబీలో మాట్లాడే స్వాహిలీ భాషలో టైం చెప్పేటప్పుడు కూడా ఇదే లెక్క అని నైరోబీలో ఉంటూ కూడా నాకు తెలీదు, అదీ మన సంగతి.

అసలు ఈ చుట్టుతిరుగుడు ఎందుకంటే, ఆఫ్రికాలో ఏ దేశం విమానం ఏ దేశానికి వారానికి ఎన్నిసార్లు పోవచ్చు అనేది చాలావరకు ఇద్దరిద్దరు కూర్చుని రాసుకున్న ఒప్పందాల మీదే నడిచింది. దీన్ని తెరుద్దామని 1999లో ఐవరీ కోస్ట్‌లోని యమూసుక్రోలో నిర్ణయం తీసుకున్నారు, 2018 జనవరిలో ఆఫ్రికా అంతటికీ ఒకే ఎయిర్ మార్కెట్ అని మళ్ళీ మొదలెట్టారు, పని మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. సో టికెట్ చూసేటప్పుడు కిలోమీటర్లు కాదు, ఎక్కడ దింపి ఎక్కిస్తారో చూస్కోండి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు కూడా చూస్కోండి, టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ అది చెల్లదు.

కైరో నుంచి జొహానెస్‌బర్గ్ 6,260 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు పడుతుంది, అయినా నిట్టనిలువుగా కిందికే కాబట్టి గడియారం పెద్దగా కదలదు, ఈజిప్టులో ఎండాకాలం గంట ముందుకి జరుపుతారు అంతే. మాది అడ్డంగా పోయే రూటు, లాగోస్ నైరోబీకి రెండు గంటలు వెనక. పోయేటప్పుడు రెండు గంటలు ఫ్రీగా వస్తే ఎవడు పట్టించుకుంటాడు.

వచ్చేటప్పుడు మాత్రం అదృష్టం బాగుండి డైరెక్ట్ దొరికింది, మధ్యాహ్నం ఒంటిగంటకి. కిటికీలోంచి చూస్తే కాంగో అడవి, ఓ కునుకు తీసి లేచినా అదే అడవి, పొద్దు కూడా మామూలు కన్నా తొందరగా వెనక దిగిపోయింది. ఒకటి ప్లస్ అయిదు ఆరు అని లెక్కేసి ఫ్రెండ్‌ని ఆరింటికల్లా ఎయిర్‌పోర్ట్‌కి రమ్మన్నా, దిగేసరికి అక్కడ ఎనిమిది. పాపం ఏమీ అనలేదు, పార్కింగ్ చీటీ తీసి నా చేతిలో పెట్టాడు.