ఒక్క గిన్నె కుకీ డో: ఐదోసారికి కుదిరింది

పాలు, నెయ్యి మానేసి ఎనిమిది నెలలైంది. ఎందుకు మానేశానో ఇక్కడ రాయను, ఆ చర్చ మా ఇంట్లో ఇప్పటికే సరిపడా జరిగింది. రాత్రి పదకొండున్నరకి పని ముగించి లాప్‌టాప్ మూసేసరికి నాకు తీపి కావాలి. ఒక పెట్టెడు స్వీటు కాదు, చిన్న గిన్నెడు. అందరూ నిద్రపోతారు, పొయ్యి వెలిగించి పాకం పట్టే ఓపిక నాకుండదు, మా ఇంట్లో ఓవెన్ అసలు లేదు. కాల్చకుండా పచ్చిగానే స్పూనుతో తినే కుకీ ముద్ద ఒకటుందని, కుకీ డో అంటారని తెలిశాక, దాన్ని శ్రీకాకుళంలో, నెయ్యి లేకుండా, గుడ్డు లేకుండా, ఒక్కరికి సరిపడా చేయాలని పట్టుకున్నాను. ఏప్రిల్ మొదట్లో మొదలుపెడితే మే మూడో వారానికి కుదిరింది. మధ్యలో ఏం పాడయ్యాయో కూడా రాస్తున్నాను, ఎవరికైనా నాలుగు జీడిపప్పులు మిగులుతాయని.

మొదటిసారి దొరికిన కొలతల్లో ఒకటి తీసుకుని ఎనిమిదో వంతు చేశాను. తప్పంతా అక్కడే మొదలైంది. 24 కుకీల కొలతను చిన్నది చేస్తే బేకింగ్ సోడా "చిటికెలో సగం" అవుతుంది, ఆ సగం చిటికె నా వేళ్లకి తెలియలేదు. అసలు కాల్చనిదానికి సోడా ఎందుకు? పొంగాల్సింది ఏమీ లేదు కదా. ఆ ఆలోచన మొదటి స్పూను నోట్లో పెట్టుకున్నాక వచ్చింది. సబ్బు నాకినట్టుంది. గిన్నె కడిగేశాక కూడా నాలుక మీద ఆ రుచి పోలేదు. సోడా పూర్తిగా తీసేయండి, దాని బదులు ఏమీ వేయక్కర్లేదు.

దానికంటే పెద్ద సంగతి మైదా. గుడ్డు లేదు కాబట్టి పచ్చిగా తింటే భయం లేదనుకున్నాను. కానీ పచ్చి పిండీ సమస్యే. గోధుమ పొలంలో పండుతుంది, పిండి మరలో దాన్ని ఎవరూ ఉడికించరు, కాబట్టి ఈ-కోలై, సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే సూక్ష్మజీవులు పిండిలో ఉండొచ్చు. 2016లో అమెరికాలో పిండి వల్లే ఈ-కోలై సోకి 60 మందికి పైగా జబ్బు పడ్డారు. సరే, మూకుట్లో వేయిస్తే పోతుంది కదా అని ఐదు నిమిషాలు వేయించాను. అడుగున ఎర్రబడింది, పైన తెల్లగానే ఉంది. తర్వాత చదివితే, ఇంట్లో పిండి వేడి చేసి పచ్చిగా తినే పద్ధతిని నమ్మొద్దని అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లే అంటున్నారు. తడి లేని పిండిలో సూక్ష్మజీవులు వేడిని ఎక్కువ తట్టుకుంటాయట, పైగా ఇంటి పొయ్యి మీద పిండి అంతటా ఒకే వేడి తగలదు. అక్కడితో మైదాని పక్కన పెట్టేశాను, గోధుమపిండిని కూడా.

మైదా బదులు ఏం వేయాలన్న దానికి ఒక వారం పోయింది. పుట్నాల పప్పు ముందే వేయించి ఉంటుంది కాబట్టి మొదట అదే పొడి చేశాను. రుచి బాగుంది, కానీ అది కుకీ కాదు, చెట్నీ పొడిలో బెల్లం పడినట్టుంది. సున్నుండలకి వాడే వేయించిన మినప్పిండి కూడా అంతే, ఒక్క స్పూను వేసినా మొత్తం సున్నుండై కూర్చుంటుంది. వాసనతో మీద పడని పిండి కావాలి. చివరికి ఓట్స్ దగ్గర ఆగాను. అటుకుల్లా ఉండే ఓట్స్‌ని తయారీలోనే ఆవిరి పెట్టి నొక్కుతారు. నేను వాటిని మళ్లీ సన్న మంట మీద, చేత్తో నలిపితే పొడయ్యేదాకా వేయించి, చల్లారాక పొడి చేస్తున్నాను. 100 గ్రాములు ఒకేసారి చేసి సీసాలో పెట్టుకుంటే ఆరేడు సార్లకి వస్తుంది.

రెండోసారి ఓడించింది కొబ్బరి నూనె. వెన్న బదులు కొబ్బరి నూనె వేయమని అందరూ రాస్తారు, ఎందుకంటే అది గడ్డకడుతుంది, ముద్దకి వెన్నలాంటి పట్టు ఇస్తుంది. నిజమే, 24 డిగ్రీల కింద. మా ఊళ్లో ఆ నూనె సీసాలో గడ్డకట్టేది డిసెంబరు, జనవరి పొద్దుటి పూట మాత్రమే. ఏప్రిల్‌లో రాత్రి పన్నెండుకి కూడా నీళ్లలా ఉంటుంది. కలిపిన ముద్ద ఐదు నిమిషాల్లో గిన్నె అంచుల్లో నూనె కక్కింది, వేళ్లు తలంటుకున్నట్టు అయ్యాయి. అమ్మ మంచినీళ్లకి లేచి చూసి, "ఏటే ఇది, తలనూనె తింతన్నావా?" అంది. తినే నూనేనమ్మా అని సీసా చూపించాను, నమ్మలేదు. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, కానీ బయటికి తీసి సగం తినేలోపే మళ్లీ జావ. ఆ వారం కరెంటు కూడా సరిగ్గా లేదు, ఆ సంగతి వదిలేద్దాం.

మూడోసారి జీడిపప్పు వెన్న చేద్దామనుకున్నాను. మన జిల్లాలో ఉండి జీడిపప్పు వాడకపోతే ఎలా. మా పిన్నివాళ్లది పలాస వైపు, వచ్చినప్పుడల్లా బద్దలు, ముక్క తెస్తుంది. ఎలాగూ నూరేదానికి గుండు పప్పు దండగ. కొనేవాళ్లు కూడా ముక్కే అడగండి, రుచిలో తేడా ఉండదు, రేటులో చాలా ఉంటుంది. ఇబ్బంది మిక్సీతో వచ్చింది. ఒక్కరికి 25 గ్రాముల పప్పు చాలు. చట్నీ జార్‌లో వేసినా అంత కొంచెం బ్లేడుకి అందదు, గోడలకి అంటుకుని కూర్చుంటుంది. మూత తీసి స్పూనుతో కిందికి తోయడం, మళ్లీ తిప్పడం, మళ్లీ తోయడం. ఎనిమిదిసార్లు చేశాక సగం పొడి, సగం పలుకు. ఆ చప్పుడుకి ఇల్లంతా లేచింది. రాత్రి పన్నెండుకి మిక్సీ వేసే మనిషికి మా ఇంట్లో ఏం మర్యాద జరుగుతుందో మీరే ఊహించుకోండి.

పొద్దున్నే అమ్మ ఆ గిన్నెలో మిగిలినది రుచి చూసి తేల్చేసింది. "దీనికింత హడావుడేటే? పచ్చి చలిమిడే కదేటి." నాగుల చవితికి పుట్ట దగ్గరికి తీసుకెళ్లే చలిమిడి, చిమ్మిలి గుర్తుచేసింది. చలిమిడి సంగతి విని ఊరుకున్నాను, అది కూడా పచ్చి పిండే కాబట్టి నా లెక్కలో కుదరదు. కానీ చిమ్మిలి మాట దగ్గర ఆగిపోయాను. నువ్వులు, బెల్లం, రోట్లో దంపుడు. అంతే. చుక్క నెయ్యి లేదు, నూనె పోయరు, అయినా ముద్ద అవుతుంది, అరచేతిలో నొక్కితే ఉండ నిలబడుతుంది. నువ్వుల్లో సగం దాకా నూనే ఉంటుంది, దంచినప్పుడు అదే బయటికొచ్చి బెల్లాన్ని పట్టుకుంటుంది. జీడిపప్పులో కూడా 40 శాతం పైన కొవ్వే. మరి నేను విడిగా నూనె ఎందుకు పోస్తున్నట్టు? ఎండకి కరిగే కొబ్బరి నూనె కోసం ఫ్రిజ్ చుట్టూ నెల రోజులు తిరిగాను, చిన్నప్పటి నుంచి తింటున్న చిమ్మిలిలో జవాబు పెట్టుకుని.

నాలుగోసారి రోలు. పెద్ద రోలు కాదు, వంటింటి గట్టు మీద ఉండే చిన్న రాతి రోలు. వేయించిన జీడిపప్పు వేసి మెల్లగా దంచాను, మిక్సీలో సగం కూడా చప్పుడు లేదు. ముందు రవ్వలా అయింది, తర్వాత పొడి, ఇంకో రెండు నిమిషాలకి పొడి రోకలికి అంటుకోవడం మొదలైంది. అప్పుడు బెల్లం వేసి నూరాను. ఆ మార్పు చూడాల్సిందే. అప్పటిదాకా తెల్లగా, పొడిపొడిగా రాలుతున్నది కాస్తా లేత తేనె రంగుకి తిరిగి, అంచుల నుంచి తనంతట తనే దగ్గరికొచ్చి, రోకలి ఎత్తితే మొత్తం ఒకే ముద్దగా పైకి లేచింది. వేలితో నొక్కితే గుంట అలాగే ఉంది, వేలికి నూనె మెరుపు మాత్రం అంటింది. ఎంత సంతోషమేసిందంటే అక్కడికక్కడే ఓట్స్ కలిపి నోట్లో పెట్టుకున్నాను.

వెల్లుల్లి! ఆ రోట్లో రోజూ అల్లం వెల్లుల్లి దంచుతాం. కడిగాను, నిజంగా కడిగాను, కానీ రాయి వదలదు. వెనిల్లా, వెల్లుల్లి కలిసిన కుకీ ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు, మీరు తెలుసుకోనక్కర్లేదు.

ఐదోసారికి పిన్ని దగ్గర యాలకులు దంచుకునే చిన్న ఇత్తడి రోలు అడిగి తెచ్చాను. యాలకుల వాసన ఉన్నా తీపికి మంచిదే. ఈసారి కొలతలన్నీ గ్రాముల తూకం మీదే. ఇంట్లో ఉన్న స్టీలు స్పూన్లు మూడు రకాలు, నీళ్లు పోసి చూస్తే ఒకదానికి 4 మిల్లీలీటర్లు, ఇంకోదానికి 7 పట్టాయి. పెద్ద కొలతలో ఆ తేడా కలిసిపోతుంది, ఒక్క గిన్నెలో మాత్రం ముద్దకి, జావకి మధ్య ఉన్నది ఆ 3 మిల్లీలీటర్లే.

కుదిరిన లెక్క ఇది. జీడిపప్పు ముక్క 25 గ్రాములు, సన్న మంట మీద రంగు మారకుండా, వాసన వచ్చేదాకా మాత్రమే వేయించి పూర్తిగా చల్లార్చాలి. ఎర్రగా వేగితే పకోడీ వాసనొస్తుంది. రోట్లో రోకలికి అంటుకునేదాకా దంచి, 12 గ్రాముల బెల్లం తురుము వేసి ముద్దయ్యేదాకా నూరాలి. కుకీ డోలో అసలు రుచి బ్రౌన్ షుగర్‌దని అంటారు, బ్రౌన్ షుగర్ అంటే మొలాసిస్, అంటే చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం, ఉన్న చక్కెరే. బెల్లంలో అది సహజంగానే ఉంటుంది కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. ముదురు రంగు బెల్లమైతే ఇంకా బాగుంటుంది. తాటిబెల్లం ఒకసారి వేసి చూశాను, నాకు నచ్చింది, తమ్ముడికి మందులా అనిపించింది. తర్వాత వేయించిన ఓట్స్ పొడి 15 గ్రాములు, ఉప్పు చిటికెడు, వెనిల్లా ఎసెన్స్ నాలుగు చుక్కలు. ఉప్పు మానొద్దు, అది లేకపోతే జీడిపప్పు ఉండలా ఉంటుంది తప్ప కుకీలా ఉండదు. చివర్లో కాచి చల్లార్చిన నీళ్లు అర స్పూను, అంటే రెండున్నర మిల్లీలీటర్లు, అవి కూడా చుక్క చుక్కగా, ముద్ద చేతికి అంటకుండా ఒత్తితే పగలకుండా ఉండేదాకా. కొబ్బరి పాలు పోసినా బాగుంటుంది కానీ మన ఎండల్లో తొందరగా పులుస్తాయి. కలిపాక పది నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే ఓట్స్ తడి పీల్చుకుని గట్టిపడుతుంది, కాబట్టి కలిపినప్పుడు కాస్త మెత్తగా ఉన్నా కంగారుపడి మళ్లీ పొడి వేయొద్దు.

చాక్లెట్ విషయంలో నేను బాగా మోసపోయాను. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక షాపులో డార్క్ అని రాసి ఉన్న బిళ్ల కొన్నాను, ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి సంబరపడ్డాను. ఇంటికొచ్చి వెనక చదివితే మిల్క్ సాలిడ్స్ అని ఉంది. పచ్చ చుక్క అంటే శాకాహారం అని మాత్రమే, పాలు ఉండొచ్చు. పాలు కూడా లేనివాటికి మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల వీగన్ గుర్తు వేరే ఉంది, పచ్చటి వి అక్షరం మీద చిన్న ఆకు ఉంటుంది. ఆ గుర్తు లేకపోయినా వెనక పదార్థాల్లో కోకో, కోకో బటర్ (పేరుకే వెన్న, కోకో గింజల కొవ్వే), చక్కెర, అన్నీ కలిసుండటానికి వేసే లెసిథిన్ వరకే ఉంటే తీసుకుంటున్నాను. ఇంకో సంగతి, కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మధ్యాహ్నం కొని స్కూటీ డిక్కీలో పెడితే ఇంటికి చేరేది చాక్లెట్ సాస్. సాయంత్రం కొనండి, నేరుగా ఫ్రీజర్‌లో పెట్టండి, వాడేటప్పుడు 10 గ్రాములు కత్తితో ముతగ్గా తరిగి అన్నిటికంటే చివర కలపండి. కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసే కాంపౌండ్ బిళ్లలు ఎండకి అంత తొందరగా కరగవు, ధరా తక్కువే, కానీ నాలుక మీద మైనంలా ఉంటాయి. నాకు పడవు.

మొత్తం 65 గ్రాములు వస్తుంది, నా లెక్క ప్రకారం 300 కేలరీలకి కాస్త అటూ ఇటూ. రాత్రి పూట అది తక్కువేం కాదు, అందుకే ఇంతకు మించి చేయను. పప్పు, ఓట్స్ ముందే వేయించి ఉంటే పావుగంట పని, అందులో పది నిమిషాలు మూతపెట్టి ఊరికే కూర్చోవడమే. మిగిలితే ఫ్రిజ్‌లో మర్నాటిదాకా ఉంచాను, బాగుంది. మూడో రోజుకి బెల్లం చెమ్మ పట్టి పైన జిగురుగా అయింది, పారేశాను.

ఇప్పటికి ఇలా తొమ్మిదిసార్లు చేశాను. ఎప్పుడూ నూనె కక్కలేదు, కరెంటు పోయినా పాడవలేదు. తర్వాత జీడిపప్పులో 5 గ్రాములు తగ్గించి నువ్వులు వేసి చూడాలి. వానలు మొదలైతే ఓట్స్ పొడి సీసాలో మెత్తబడుతుందేమో, అప్పుడు ఎంత నీళ్లు తగ్గించాలో మళ్లీ తూకం వేసుకోవాలి. పిన్ని నిన్న ఫోన్ చేసి రోలు ఎప్పుడిస్తావని అడిగింది. ఇంకో వారం అన్నాను.