ఆల్ ఓకే రిపోర్టు

మంగళవారం. రాత్రి పదకొండు కావస్తోంది.

నవంబరంటే మా దగ్గర లైఫ్ సర్టిఫికెట్ల నెల. పెన్షన్ తీసుకునే ప్రతి ఫౌజీ ఏడాదికోసారి తాను బతికే ఉన్నానని చూపించుకోవాలి. ఇప్పుడు పెన్షన్లు రక్షణ శాఖ ఆన్‌లైన్ పద్ధతి 'స్పర్శ్'లోకి వచ్చాయి, ఫోన్‌లో ముఖం చూపించినా పనైపోతుంది. కానీ డెబ్బై దాటినవాళ్లకి ఫోన్ మీద నమ్మకం తక్కువ. పొద్దున తొమ్మిదిన్నరకి తిరుమలగిరిలో మా సెంటర్ తాళం తీసేసరికే మెట్ల మీద ఐదుగురు, చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. ఇది కౌన్సెలింగ్ సెంటర్ అని తలుపు మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. సరిగ్గా ఆ అక్షరాల కిందే కూర్చున్నారు.

నేను పొమ్మనను. మనసు బాలేదని చెప్పుకుంటూ మా దగ్గరికి ఎవరూ రారని ఈ పదకొండేళ్లలో తెలిసింది. మోకాలి నొప్పి అని వస్తారు, గ్యాస్ అని వస్తారు, పెన్షన్ కాగితం అని వస్తారు. కాగితం పనయ్యాక లేచి, తలుపు దాకా వెళ్లి, "ఒక్క మాట మేడమ్" అంటారు. ఆ ఒక్క మాట కోసమే నాకు జీతం.

ఎందుకలా అంటే, వాళ్లకి అలా అలవాటైపోయింది. ఆర్మీ మెడికల్‌లో షేప్ అని ఒక లెక్క ఉంది. ఎస్ అంటే మనసు, హెచ్ వినికిడి, ఏ కాళ్లూ చేతులూ, పి ఒళ్లు, ఈ కళ్లు. ఐదింటికీ ఒకటో నంబరుంటే షేప్ వన్. ప్రమోషన్, కోర్సు, పోస్టింగ్ అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. కాలు విరిగితే దాచలేరు. ఎస్ మాత్రం నోరు మూసుకుంటే దాగుతుంది. పదిహేడేళ్లో ఇరవై నాలుగేళ్లో దాచిన మనిషిని, ఇంటికొచ్చాక "మీ మనసులో ఏముందో చెప్పండి" అంటే ఏం చెబుతాడు? రోజూ సాయంత్రం పైకి పంపిన రిపోర్టే నాకూ ఇస్తాడు. ఆల్ ఓకే.

పైగా ఇది హైదరాబాద్. పిచ్చాసుపత్రి ఉన్నది ఎర్రగడ్డలో, "వాణ్ని ఎర్రగడ్డకి పంపాలి" అనేది ఇక్కడ తిట్టు.

మెట్ల మీది ఐదుగురిలో సుబేదార్ గారు ఒకరు. (పేర్లు, ఊళ్లు, వయసులు ఇక్కడ కూడా మార్చే రాస్తాను. డైరీ అయినా సరే, ఎవరి కంట పడుతుందో ఎవరికి తెలుసు.) 1987లో శ్రీలంక వెళ్లిన మన శాంతి దళంలో ఉన్నారాయన, జాఫ్నా వైపు. సర్టిఫికెట్ పనికి పది నిమిషాలు పట్టింది. తర్వాత టీ తాగుతూ కోడలి వంట గురించి, బొల్లారం వైపు స్థలాల రేట్ల గురించి చెప్పి, గ్లాసు కింద పెట్టి, "రాత్రి మూడింటికి లేస్తానమ్మా" అన్నారు. లేచి గేటు తాళం చూస్తారట. తర్వాత మనవల్ని లెక్కపెడతారట.

"ఎంతమంది తాతగారూ?"

"ఇద్దరే."

"ఇద్దర్ని లెక్కపెట్టాలా?"

"రెండుసార్లు," అన్నారు. నవ్వుతూ అన్నారు గానీ చేతిలో ఉస్మానియా బిస్కెట్ అలాగే ఉండిపోయింది. ముప్పై ఏడేళ్లో ముప్పై ఎనిమిదేళ్లో అయింది ఆయన తిరిగొచ్చి. ఏదో ఒక రాత్రి లెక్క తక్కువ వచ్చిందన్నమాట. నేను అడగలేదు. వచ్చే మంగళవారం కూడా టీ ఉంటుందని మాత్రం చెప్పాను.

పదకొండింటికి హవల్దార్ గారు.

ఈయన వయసు నలభై ఆరు. సియాచిన్‌లో పోస్టు మీద చేసి వచ్చాడు, తర్వాత కశ్మీర్‌లో మిలిటెంట్ల మీద పనిచేసే రాష్ట్రీయ రైఫిల్స్. రిటైరయ్యాక డబ్బుల వ్యాన్‌లో గన్‌మ్యాన్ ఉద్యోగం. నాలుగు వారాలుగా వస్తున్నాడు. మొదటిసారి తీసుకొచ్చింది భార్య. ఎదురింటి ఫ్లాట్‌లో రంగులు వేస్తున్నారట, ఆ టర్పెంటైన్ వాసనకి ఈయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. అందరూ టపాసుల చప్పుడే అనుకుంటారు. ఈయన దీపావళికి పిల్లలతో కలిసి లక్ష్మీ బాంబులు కాల్చాడు. వాసనే పడదు. పైన మంచులో బుఖారీ, అంటే చలి కాచుకునే పొయ్యి, కిరసనాయిలుతో మండుతుంది, ఆ చిన్న గుడారంలో మసి ముక్కులోకి, గొంతులోకి పోతుంది, ఉమ్మితే నల్లగా పడుతుందని చెప్పాడు. అదే తాడుకి కట్టుకుని ముందు నడిచిన కుర్రాడొకడు ఉండేవాడు. ఆ సంగతి మూడోవారం చెప్పాడు, అదీ రెండు ముక్కల్లో. ఈరోజు ఇంకో ముక్క.

"ఇంట్ల బిర్యానీ చేస్తే తినబుద్ధి కాదు మేడమ్. వాని వాటా నేను తింటున్నట్టు ఉంటది."

మా పుస్తకాల్లో దీనికి రెండు పదాల ఇంగ్లీషు పేరు ఉంది. తెలుగులో ఏమనాలని ట్రైనింగ్‌లో మేం గంటలు గంటలు కొట్టుకున్నాం, బతికి మిగిలిన అపరాధ భావన అనీ ఏదో అనీ. ఇకనుంచి నేను వాటా అనే అంటాను.

డిప్రెషన్ ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం నింపించాను. ఆ ఫారం తెలుగు తర్జుమాలు చాలానే తిరుగుతున్నాయి, కొన్ని గవర్నమెంట్ గెజిట్‌లా ఉంటాయి. నేను చదివి వినిపిస్తాను, నా మాటల్లో. తొమ్మిదోది చావు గురించి. కొత్తగా చేరిన పిల్లలు దీన్ని "అలాంటి ఆలోచనలు ఏమైనా వస్తున్నాయా" అని అడుగుతారు. అలాంటి అంటే ఎలాంటి? ఆయన "లేవు" అనేస్తాడు, వీళ్లు సున్నా వేసుకుంటారు. నేను సూటిగా "చచ్చిపోతే బాగుండనిపిస్తోందా?" అని అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. పుట్టదు. అడిగినందుకు ఊపిరి వదిలినవాళ్లనే చూశాను.

కాసేపు ఫ్యాన్ వైపు చూసి, "రాత్రి డ్యూటీ నుంచి వచ్చినంక అనిపిస్తది," అన్నాడు.

ఇలాంటప్పుడు నా కడుపులో ఇప్పటికీ ఏదో తిరుగుతుంది. మొహంలో తెలియనివ్వకూడదు. పైగా ఈయన ఇంట్లో లైసెన్సు డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. నల్ల ట్రంకుపెట్టెలో, పైన తెల్ల పెయింట్‌తో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. తాళం చెవి మొలతాడుకి ఉంటుంది. ఇవన్నీ పోయిన వారం భార్య చెప్పింది, ఆయన ముందే, ఆయన ఒప్పుకున్నాకే.

తుపాకీ ఇచ్చేయండి అంటే ఫౌజీ ఇవ్వడు. అది ఆయన తిండి కూడా. గన్‌మ్యాన్‌కి జీతం ఎక్కువ, గన్ లేకపోతే ఆ డ్యూటీ లేదు. నేను ఉపన్యాసం మొదలుపెట్టకుండా అడిగాను.

"ఎలక్షన్లప్పుడు గన్ ఏం చేస్తారు?"

"కోడ్ రాంగనే స్టేషన్ల డిపాజిట్ చెయ్యమంటరు. రసీదు ఇస్తరు. అయిపోయినంక తెచ్చుకుంటం."

"ఇప్పుడు మీ ఇంట్లో కోడ్ వచ్చిందనుకోండి. ఒక నెల."

నవ్వాడు. నాలుగు వారాల్లో మొదటిసారి. పక్కపళ్లలో ఒకటి లేదని ఈరోజే చూశాను.

అక్కడినుంచి అంతా లెక్కలే. గన్‌ని లైసెన్సున్న ఆయుధాల షాపులో భద్రం చేయొచ్చు, దానికి ఫీజు. నెలరోజులు గన్ లేని పగటి డ్యూటీ వేయమని ఏజెన్సీని అడగాలి, జీతం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో కాగితం మీద వేశాం. పెన్షన్ వస్తుంది, చిట్టీ ఒక నెల ఆపాలి, అమ్మాయి ట్యూషన్ ఫీజు ఆగదు. డాక్టర్ గారితో మాట్లాడి, మందు సంగతి ఆయనకి వదిలి, రాత్రి డ్యూటీ వద్దని ఒక లెటర్ రాయించాను. అందులో జబ్బు పేరు లేదు, ఏజెన్సీకి అది అనవసరం. చివర్లో ఒక చిన్న కార్డు. మనసు చెడుతోందని ఆయనకి ముందుగా ఎలా తెలుస్తుంది (దవడలు బిగుసుకుంటాయి), అప్పుడు ఏం చేయాలి (చెప్పులు వేసుకుని కిందికి దిగి, వాచ్‌మన్‌తో కూర్చోవాలి), ఎవరికి ఫోన్ చేయాలి (బామ్మర్ది, తర్వాత నేను), ఎవరూ ఎత్తకపోతే గవర్నమెంట్ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. అది ఏ గంటకైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. కార్డు పర్సులో ఎక్కడ పెట్టుకున్నాడో చూపించమన్నాను. కాంటీన్ కార్డు వెనకాల పెట్టాడు.

"రౌండ్లు ఎన్ని?"

"పది. రేంజ్‌ల కాల్చినంక ఖాళీ ఖోకా సుత లెక్క అప్పజెప్పేది మేడమ్, మాకు మర్చిపోవుడు ఉండదు." ఖోకా అంటే కాల్చాక మిగిలే తూటా డొల్ల.

మా ఇంటి ఓనరమ్మ నేను దుప్పట్లు పంచుతాననుకుంటుంది. సోషల్ వర్కర్ అంటే అంతే కదా. పీజీ మీద రెండేళ్లు ఎం.ఫిల్ చేశానని, 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మా చదువేమిటో రాసి ఉందని ఒకసారి చెప్పబోయాను. ఆవిడ "మా పనమ్మాయికి కూడా ఒకటి ఇప్పించు" అంది. ఈరోజు చిట్టీ లెక్క వేస్తుంటే ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ మరీ అంత తప్పేం కాదేమో.

మధ్యాహ్నమంతా కాగితాలు. ఒకాయనకి డిసేబిలిటీ పెన్షన్ నానా అని తిప్పి పంపారు. సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అనడానికి ఇంగ్లీషులో పొట్టిపేరు అది. నానా తిప్పలు అంటే ఇదే. చేరేటప్పుడు జబ్బున్నట్టు ఎక్కడా రాయకపోతే ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈయన ఆ తీర్పు కాపీని లామినేషన్ చేయించుకుని తిరుగుతున్నాడు. కేసు లాయరు చూసుకుంటాడు. నా పని, చేరకముందు ఎలా ఉండేవాడో, వచ్చాక ఎలా ఉన్నాడో వాళ్ల అమ్మని, అన్నని అడిగి రాయడం. అమ్మ ఒక్కటే చెప్పింది, ముందు నిద్రపోతే లేపడం కష్టంగా ఉండేదట.

నాలుగింటికి గ్రూపు. వీళ్లని గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెడితే ఎవరూ మాట్లాడరు, ఎదురెదురుగా ఉంటే ఇంటర్వ్యూ అనుకుంటారు. వెనక ఖాళీ స్థలంలో బెండ, గోంగూర వేశాం. పక్కపక్కన వంగి కలుపు తీస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఈరోజు మాట మిలిటరీ మందు మీదకి వెళ్లింది. చుట్టాల్లో పెళ్లయితే చాలు, "బావా, రెండు బాటిళ్లు ఇప్పించవా" అని ఫోను. తాగుడు మానాలనుకునేవాడికి ఇంతకంటే నరకం లేదు, నెలనెలా సీసాలు ఇంటికి తెచ్చి పెట్టాలి, ముట్టకూడదు. ఒకాయన తన కాంటీన్ కార్డు బ్లాక్ అయిందని చుట్టాలందరికీ చెప్పేశాడట. అబద్ధమే. అందరూ గట్టిగా మెచ్చుకున్నారు, నేను కూడా.

ఇంటికొచ్చి చపాతీలు చేస్తుంటే ఏడూ నలభైకి వాట్సాప్. హవల్దార్ గారి భార్య. షాపువాళ్లు ఇచ్చిన రసీదు ఫోటో, కింద ఆయన వాయిస్ మెసేజ్ రెండు సెకన్లు. "ఆల్ ఓకే మేడమ్."

పిండి చేత్తోనే ఫోటో పెద్దది చేసి చూశాను. గన్ ఒకటి, నంబరు సరిపోయింది. రౌండ్లు, ఎనిమిది.

స్టవ్ ఆపేశాను. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. ఆవిడ ఎత్తి, "స్నానం చేస్తున్నడు అక్కా" అంది. నీళ్ల చప్పుడు వినిపిస్తోందా అని అడిగాను. వినిపిస్తోందట, పాడుతున్నాడు కూడా అంది. ఆ నాలుగు నిమిషాలు నేను వంటగదిలో నిలబడే ఉన్నాను. మావారు వచ్చి ఏమైందంటే "ఏం లేదు, బానే ఉంది" అన్నాను.

ఆయన లైన్లోకి వచ్చాక, ఖోకాల లెక్క గుర్తుచేశాను. "పది అన్నారు కదా. రెండు తక్కువ."

చాలాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "యూనిఫాం చొక్కా జేబుల ఉండిపోయినయ్ మేడమ్," అన్నాడు. నిజమో కాదో నాకు తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో. అరవలేదు, అనుమానపడ్డట్టు కూడా అనలేదు. బామ్మర్ది ఎక్కడున్నాడని అడిగాను. ఉప్పల్. ఇప్పుడు రాగలడా? రాగలడు. తొమ్మిదింబావుకి బైక్ మీద వచ్చాడు. తొమ్మిదిన్నరకి ఆయన నుంచే ఇంకో ఫోటో, బామ్మర్ది అరచేతిలో ఎర్ర తొడుగుల రౌండ్లు రెండు, పక్కన ఈరోజు పేపరు, తేదీ కనపడేలా మడిచి పెట్టి ఉంది. నేను అడగలేదు, వాళ్లే పెట్టారు.

రాత్రికి బామ్మర్ది ఆ రెండూ పట్టుకుని ఉప్పల్ వెళ్లిపోకుండా, లైసెన్సున్న మనిషినీ వెంటబెట్టుకుని వాళ్ల గల్లీ చివరి పోలీస్ స్టేషన్లో ఇచ్చి, రాసిచ్చిన చీటీ తెచ్చుకున్నారట. తర్వాత హవల్దార్ గారి ఇంట్లోనే హాల్లో పడుకున్నాడు. పొద్దున డాక్టర్ గారికి ఇది ముందు చెప్పాలి. హవల్దార్ గారిని పదింటికి రమ్మన్నాను, భార్యతో. వస్తానన్నాడు. ఈసారి ఆల్ ఓకే అనలేదు.