పాలొచ్చినయా?

మన టెన్త్ బ్యాచ్ సంచికకు ఏదన్న రాయమని కమిటీ తరఫున మన క్లాసు బండోడు పొద్దున ఒక మెసేజ్, మాపున ఒక మెసేజ్ పెడుతున్నడు.

మన 1989 టెన్త్ బ్యాచ్ అనంగనే నాకు యాదికొచ్చేది సైన్సు సారు, హనుమకొండల పద్మాక్షి గుట్ట. ఆ ఆదివారం పొద్దు ముందు మిగతా బడి సంవత్సరాలన్నీ మసకే.

సారు మెడల దారానికి భూతద్దం, చేతుల చిన్న కత్తి. ఒకపక్క బొంతజెముడు, ఇంకోపక్క నాగజెముడు. "రెండింటికీ ముండ్లే. రెండూ ఒక్క కుటుంబమేనా?" అంటే అందరం అవునన్నం. సారు రెండింటినీ గీరిండ్రు. బొంతజెముడు తెల్లగ పాలు కార్చింది, నాగజెముడు కార్చలే. బండోడు ఆ పాలచెయ్యి కంటికి పెట్టుకున్నడు, తర్వాత కథ మీకెరుకే.

"పాలు చూసి ఆగొద్దు, జిల్లేడుకు గూడ పాలుంటయి. పువ్వు చూడాలె" అని మెట్ల సందుల మొలిచిన రెడ్డివారి నానుబాలు పీకి, భూతద్దం మన చేతికిచ్చిండ్రు. మనం పువ్వనుకున్నది పువ్వు గాదు, గిన్నె. నడుమ ఒక్క ఆడపువ్వు, చుట్టూ మగపువ్వులు, ఒక్కో మగపువ్వంటే ఒక్క కేసరమే. గుట్ట దిగేదాక నేను ఆ భూతద్దం వదల్లేదు. సారు అడగలేదు గూడ.

ఇంటరు, ఇంజనీరింగు, కొలువు, పిల్లలు అందరికీ ఉన్నయే. నేనుండేది అమెరికాల శాన్ డియాగోల. అక్కడ సముద్రంలకు చొచ్చుకొచ్చిన పాయింట్ లోమా కొన మీద కాబ్రిల్లో జాతీయ స్మారకం ఉన్నది. వానలు పడ్డంక ఒకసారి నడుస్తుంటే, అంచున నడుమెత్తు పొద ఒకటి ఆపింది. బూడిదరంగు కొమ్మలు, గుండ్రటి చిన్న ఆకులు. ఒంగి చూస్తే అదే గిన్నె! అంచున ముదురెరుపు గ్రంథులు అయిదు, వాటికి పాలమీగడ రంగు రెక్కలు.

దాని పేరు యుఫోర్బియా మిసెరా, మన బొంతజెముడు, నానుబాలు కుటుంబమే. 1844ల బెంథమ్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ పేరు పెట్టిండు. ఏడాదికి 10 అంగుళాల వాన పడే చోట ఎండకాలం ఆకులు రాల్చుకొని బతుకుతది. మెక్సికో దిక్కు బాహా కాలిఫోర్నియాల బాగనే ఉన్నది గానీ, కాలిఫోర్నియాల మాత్రం అరుదు. సముద్రం కనబడే జాగ అందరికీ కావాలె గదా, ఇండ్లు లేచినకొద్దీ దాని నేల పోయింది. మిగిలిన పొదలను చూస్తే నాకు పాణం గుంజుతది.

ఇప్పుడు సెలవుదినాల్ల అక్కడికొచ్చేటోళ్ళకు చెట్లు చూపిస్త. ఆ పొద కాడికి రాంగనే భూతద్దం తీస్త. పదేండ్ల పిల్లలు "ఇది పువ్వు కాదా!" అని అరుస్తుంటే నా సంతోషం పట్టశక్యం గాదు. కొలువుల ఎన్ని మెట్లెక్కినా ఇంత తృప్తి రాలేదు.

మొన్న సారుకు ఫోన్ చేసి చెప్పిన. గొంతు సన్నగైంది గానీ అడుగుడు మాత్రం అదే తీరు.

"పాలొచ్చినయా?"

"అక్కడ ఆకు తెంపనియ్యరు సార్."

"మంచిది, తెంపకు. గిన్నె చూసినవా మరి?"

"చూసిన సార్. నడుమ ఒక్కటే ఆడపువ్వు."