రథాల జట్టు యజమానిగా ఒక ఆదివారం

ఆదివారం, రాత్రి

ఈ రోజు పొద్దున టిఫిను అయింది మొదలు మధ్యాహ్న భోజనం దాకా, మళ్లీ సాయంత్రం కాఫీ తాగిన తరవాత దీపాలు పెట్టే వేళ దాకా క్వాడ్రిగా ఆడుతూనే ఉన్నాను. 2014లో వచ్చిన కంప్యూటర్ ఆట ఇది. ప్రాచీన రోమన్ సామ్రాజ్యంలో రథాల పందేలకు దిగే ఒక జట్టుకు ఇందులో మనం యజమానులం. మారుమూల ఊళ్లలోని చిన్న బరుల్లో మొదలుపెట్టి, సారథులను పెట్టుకుని, గుర్రాలూ రథాలూ కొని, గాయపడినవాడికి వైద్యం చేయించి, పేరూ పైకమూ కూడబెట్టుకుంటూ చివరికి రోము నగరంలోని అతి పెద్ద పందెపు బరి సర్కస్ మాక్సిమస్‌కు చేరుకోవాలి. పందెం నడిచేటప్పుడు కూడా వేళ్లను పరుగులు పెట్టించే పని లేకుండా ఆపి ఆడుకోవచ్చు. సారథికి ఒక ఆజ్ఞ ఇస్తాం, కొన్ని క్షణాలు రథాలు కదులుతాయి, మళ్లీ ఆజ్ఞ కోసం మన ముఖం చూస్తాయి. వేగం పెంచమనడం, కొరడా ఝళిపించమనడం, లోపలి వరసలోకి మారమనడం, పక్క రథాన్ని ఒరుసుకుపొమ్మనడం, మలుపు దగ్గర కాస్త తగ్గమనడం, ఇంతకు మించి పెద్ద ఆజ్ఞలేమీ లేవు. అయినా నాలాంటి నెమ్మది మనిషికి చెమటలు పట్టడానికి అవి చాలు.

నిజానికి పందెం కన్నా పందానికీ పందానికీ నడుమ వచ్చే తెర అంటేనే నాకు ఇష్టం. వారమంతా ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చుని కిరాయిలూ డ్రైవర్ల బత్తాలూ టైర్ల ఖర్చులూ రాసే నాకు, ఆ తెర మీద కనిపించేదంతా బాగా తెలిసిన వ్యవహారంలాగే ఉంటుంది. బండి తిరిగితేనే డబ్బు. తిరిగే కొద్దీ బండి అరుగుతుంది, మనిషి అలుస్తాడు. ఆపితే ఆదాయం ఆగుతుంది, ఆపకపోతే ఏదో ఒక రోజు అన్నీ ఒక్కసారే ఆగుతాయి. ఆఫీసులో ఈ సంగతి నేను ఎవరికీ చెప్పనక్కరలేదు, యజమానికే నాకన్నా బాగా తెలుసు. ఇక్కడ మాత్రం నిర్ణయం నాది.

మా అక్కయ్య కొడుకు నిన్న సాయంత్రమే వచ్చాడు. వాడికి పదమూడేళ్లు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్న మరుక్షణం నుంచి శల్యసారథ్యం మొదలుపెట్టాడు. "మామయ్యా, కొరడా కొట్టించు, ఎందుకంత భయం? మామయ్యా, ఆ నీలం రథాన్ని గోడకేసి నొక్కేయ్." మన జట్టుకు ఆకుపచ్చ రంగు తీసుకోవాలని పట్టుబట్టినవాడు వాడే. అప్పట్లో తెలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ అనే నాలుగు జట్లుండేవనీ, డొమిషియన్ చక్రవర్తి బంగారు రంగునూ ఊదారంగునూ కూడా చేర్చినా అవి ఎంతో కాలం నిలవలేదనీ, కలిగులా చక్రవర్తి ఆకుపచ్చ జట్టు మీద మోజుతో వాళ్ల గుర్రపుశాలల్లోనే భోజనం చేసి అక్కడే రాత్రులు గడిపేవాడనీ చెబితే వాడి ముఖం వెలిగిపోయింది. చక్రవర్తి తన పార్టీయే అని వాడి ఆనందం. ఆ చక్రవర్తి చివరికి ఏమయ్యాడో అడగలేదు, నేనూ చెప్పలేదు.

పొద్దున ఆడినది హిస్పానియాలోని, అంటే ఇప్పటి స్పెయిన్ ప్రాంతంలోని, ఒక చిన్న బరిలో. నా జట్టులో మొదటి నుంచీ ఉన్న సారథి బక్కపలచని మనిషి. మావాడు వాడికి "బక్కోడు" అని పేరు పెట్టేశాడు. మలుపుల్లో రథాన్ని అదుపులో ఉంచడంలో బక్కోడికి సాటి వచ్చే వాడు నా దగ్గర మరొకడు లేడు. రోమన్ పందేల్లో రథాలన్నీ ఎడమ వైపుకే తిరుగుతాయి. బరి మధ్యలో నిడుపాటి అడ్డుగోడ ఉండి, దాని రెండు కొనల్లో ఉండే స్తంభాలను ఎంత దగ్గరగా చుట్టి వస్తే అంత దూరం కలిసివస్తుంది, చక్రం తగిలిందా అంతటితో సరి. రథానికి ఉండే నాలుగు గుర్రాల్లో మధ్యనున్న రెండింటినే కాడికి కట్టేవారు, బయటి రెండూ పలుపుల మీదే పరిగెత్తేవి. మలుపు తిరిగేటప్పుడు స్తంభానికి ఆనుకుని ఉండే ఎడమ చివరి గుర్రం మీదనే మొత్తం బండి ప్రాణం ఆధారపడేది కనుక, సారథులు తమ గెలుపులను చెప్పుకునేటప్పుడు ఆ గుర్రం పేరును ప్రత్యేకంగా చెప్పుకునేవారు.

ఆఖరి చుట్టు మొదలయ్యేటప్పటికి బక్కోడు రెండో స్థానంలో ఉన్నాడు. ముందున్నది ఎరుపు రథం. మా ఇద్దరి నడుమా ఒక గుర్రం పొడవు ఎడం ఉంటుందేమో. నా గుర్రాల సత్తువ సగానికి పడిపోయింది, చక్రాలు కూడా అంతకుముందు ఒకసారి గోడను రాసుకుని దెబ్బ తిన్నాయి. "కొట్టించు మామయ్యా" అన్నాడు మావాడు. కొట్టించకుండా బయటి వరసలోనే ఉంచి, మలుపు దగ్గర వేగం తగ్గించాను. ఎరుపువాడు తగ్గలేదు; లోపలి వరసలో అంత వేగంతో తిరగబోయి రథం ఒరిగిపోయింది, చక్రం ఊడి ఒక పక్కకు దొర్లింది, సారథి పగ్గాలకు చిక్కుకుని గుర్రాల వెనక ఇసుకలో ఈడ్చుకుపోతున్నాడు. వెనక వచ్చే రథాలకు తప్పుకోవడానికి వాడికి ఉన్నది ఒకటే దారి, పగ్గాలు కోసుకుని బరి అంచుకు పరిగెత్తడం. ఇది ఆట తయారుచేసినవాళ్లు కల్పించిన తమాషా కాదు. రోములో సారథులు పగ్గాలను నిజంగానే నడుముకు చుట్టుకుని, ఒంటి బరువుతో వెనక్కి వాలి గుర్రాలను నడిపేవారు, ఆపద వస్తే కోసుకోవడానికి ఒక వంకీ కత్తిని దగ్గర ఉంచుకునేవారు. ఎరుపువాడు కోసుకున్నాడు, బతికాడు. ఆ కాస్త సేపూ మావాడు కూడా నోరు మెదపలేదు.

నేను ఆ పందెం గెలిచాననుకుని సంబరపడేలోపు వెనక నుంచి తెల్ల రథం వచ్చి నా రథాన్ని ఒరుసుకుంటూ ముందుకు పోయింది. బక్కోడికి భుజం మీద గాయమైంది, మొత్తానికి రెండో స్థానం. వచ్చిన పైకంలో చక్రాల బాగుకు పోగా మిగిలినది కొద్దిగానే అయినా మిగిలింది. మావాడి దృష్టిలో అది ఓటమి. నా దృష్టిలో అదే అసలు లాభం.

ఈ రెండో స్థానం గురించి మధ్యాహ్నమంతా మా ఇద్దరికీ వాదన నడిచింది. భోజనం వడ్డిస్తూ మా ఆవిడ, "ఆ గుర్రాలకు కాసేపు గడ్డి వేసి మీరిద్దరూ అన్నం తినండి" అన్నా వాదన ఆగలేదు. నా వాదనకు బలంగా గయస్ అప్పులేయస్ డయోక్లిస్ లెక్కను తెచ్చాను. లూసిటానియా నుంచి, అంటే ఇప్పటి పోర్చుగల్ ప్రాంతం నుంచి, వచ్చిన ఆ రోమన్ సారథి 24 ఏళ్ల పాటు పందేలు నడిపి, 42వ ఏట విరమించుకున్నప్పుడు, ఆయన సాధించినదంతా ఒక శాసనంలో చెక్కించారు. ఆ పాఠం మనకు దక్కింది. లెక్కలు రాసే వృత్తిలో ఉన్నవాడిగా నేను ఆ శాసనాన్ని చదివినప్పుడల్లా దాన్ని కూర్చినవాడికి మనసులో దండం పెట్టుకుంటాను. దిగిన పందేలు 4,257. గెలిచినవి 1,462. అంటే అంత గొప్పవాడు కూడా దాదాపు మూడింట రెండు వంతుల పందేల్లో గెలుపు లేకుండానే వెనుదిరిగాడు. 861 సార్లు రెండో స్థానంతో ఇంటికి వెళ్లాడు. గెలిచిన 1,462లో ఒక్కో జట్టు నుంచి ఒక్కొక్క రథం దిగిన పందేలు 1,064, రెండేసి దిగినవి 347, మూడేసి దిగినవి 51 అని శాసనం విడదీసి చెబుతుంది. అంతటితో ఆగక, ఎలా గెలిచాడో కూడా చెబుతుంది. మొదటి నుంచీ ముందుండి గెలిచినవి 815, చివరి క్షణంలో లాక్కున్నవి 502, వెనక నుంచి వచ్చి అందుకున్నవి 67, ముందు ఎదుటివాణ్ణి పోనిచ్చి తరవాత గెలిచినవి 36, రకరకాలుగా గెలిచినవి 42. కాగితం మీద కూడి చూశాను, ఒక్కటి కూడా తేడా రాలేదు. లాక్కున్న 502లో ఆకుపచ్చవాళ్ల దగ్గర 216, నీలంవాళ్ల దగ్గర 205, తెల్లవాళ్ల దగ్గర 81 అని మళ్లీ ఉపఖాతాలు.

కానీ ఈ లెక్క నా పక్షానికి పూర్తిగా సాయం చేయదని మావాడు వెంటనే పట్టేశాడు. "చూశావా మామయ్యా, సగానికి పైగా మొదటి నుంచీ ముందుండే గెలిచాడు. నువ్వు ఎప్పుడూ వెనకే ఉంచుతావు." వాడు చెప్పినది నిజమే, కాదనలేదు. ముందుండేవాడికి గోడ పక్క వరస దొరుకుతుంది, ఎదుటివాడి చక్రాల ధూళి కళ్లలో పడదు, పడిపోయిన రథాల మీదికి దూసుకుపోయే ప్రమాదం తక్కువ. అయితే ఆ వేగానికి తగ్గ గుర్రాలు కావాలి. డయోక్లిస్ చేతి కింద తొమ్మిది గుర్రాలు నూరేసి పందేలు గెలిచినవయ్యాయి, ఒకటి ఏకంగా రెండు వందలు గెలిచింది. అలాంటి గుర్రాలను కొనగలిగిన జట్టు నాది కాదు. చిన్న జట్టుకు వెనక ఉండి కాచుకునే ఓపికే పెట్టుబడి అని నేనంటాను. ఆయన సంపాదన 3,58,63,120 సెస్టర్సులు (రోమన్ నాణేలు). ఆ కాలంలో ఒక సాధారణ సైనికుడి జీతం ఏడాదికి 1,200 సెస్టర్సులు కనుక, అది దాదాపు 30 వేల మంది సైనికుల ఏడాది జీతంతో సమానం. అంతా విని మావాడు, "అయితే ఆయన జట్లు మారాడా?" అని అడిగాడు. మారాడు. క్రీ.శ. 122లో తెల్ల జట్టుతో మొదలుపెట్టి, 128లో ఆకుపచ్చలోకి వెళ్లి, 131 నాటికి ఎరుపులో గెలుస్తున్నాడు. జనం మాత్రం రంగును వదలరు. అంతకు కొన్నేళ్ల ముందే ప్లినీ అనే రోమన్ రచయిత, వీళ్ల అభిమానం గుర్రాల వేగం మీదా కాదు సారథి నేర్పు మీదా కాదు, ఒంటి మీది గుడ్డ మీద అని ఒక ఉత్తరంలో విసుక్కున్నాడు. జెర్సీ రంగు చూసి జట్టును ఎంచుకున్న మావాడు ఆ మాటకు నొచ్చుకున్నట్టే కనిపించాడు.

వాడికి చెప్పాలా వద్దా అని కాస్త తటపటాయించి చెప్పినది క్రెసెన్స్ సంగతి. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ కుర్రాడు 13వ ఏటే నాలుగు గుర్రాల రథం నడపడం మొదలుపెట్టాడు. నీలం జట్టు. 686 పందేల్లో దిగి 47 గెలిచాడు, 130 సార్లు రెండో స్థానం, 111 సార్లు మూడో స్థానం, సంపాదన 15,58,346 సెస్టర్సులు. 22వ ఏట చనిపోయాడు. "నా వయసులోనే మొదలుపెట్టాడా?" అన్నాడు మావాడు. ఆ తరవాత చాలా సేపు తెర మీద బక్కోడి గాయం గీతనే చూస్తూ కూర్చున్నాడు.

ఈ ఆటలో నాకు మింగుడుపడని సంగతి అక్కడే ఉంది. గాయపడిన సారథికి వైద్యం చేయించి విశ్రాంతినివ్వడం కన్నా కొత్తవాణ్ణి పెట్టుకోవడం కొన్నిసార్లు చవక. ఆట ఈ విషయాన్ని ఎక్కడా మాటల్లో చెప్పదు, ధరల పట్టిక మాత్రం చెబుతుంది. రోములో సారథుల్లో చాలామంది బానిసలే కనుక, అక్కడి జట్ల యజమానులు కూడా ఇదే లెక్క వేసుకుని ఉంటారు. ఆటను తయారుచేసినవాళ్లు ఆ చరిత్రను తియ్యబరచకుండా వదిలేశారు, అందుకు వాళ్లను మెచ్చుకుంటాను. కానీ ఆ పట్టిక చూపిన దారిలో గుడ్డిగా నడిస్తే జట్టు నిలవదని కూడా నాకు అనుభవమైంది. కొత్తవాడు చవకే, మలుపు దగ్గర వాడు పోగొట్టే చక్రాలూ గుర్రాలూ చవక కావు. ఆ నష్టం కొత్తవాడి ఖాతాలో కనిపించదు, రథాల బాగు కింద కనిపిస్తుంది. ఆఫీసుల్లో కూడా సరిగ్గా ఇలాంటి ఖర్చులే తప్పు పద్దు కింద దాక్కుంటాయి.

సాయంత్రం బక్కోణ్ణి పడుకోబెట్టి, వైద్యుడికి పైకం కట్టి, కొత్త కుర్రవాడితో దిగువ స్థాయి పందెంలో దిగాను. మూడో స్థానం వచ్చింది. కొరడా ఒక్కసారి వాడనిచ్చాను, అది కూడా గోడ వరస దొరికిన తిన్నని దారిలో, మలుపుకు చాలా ముందు. మావాడికి అది రుచించలేదు. ఇప్పుడు చేతిలో ఉన్న పైకంతో రోముకు వెళ్లిపోవాలని వాడంటాడు. పాలటైన్, అవెంటైన్ కొండల నడుమ లోయలో 600 మీటర్లకు పైగా పొడవున ఉండే ఆ బరిని, పన్నెండు ద్వారాల నుంచి రథాలు ఒక్కసారిగా దూకడాన్ని, పందెం మొదలుకు గుర్తుగా తెల్ల గుడ్డ కింద పడగానే లేచే జనఘోషను, ఒక్కో చుట్టు లెక్కకు కదిలే కంచు డాల్ఫిన్లను ఊహించుకుని వాడి మనసు అప్పుడే అక్కడికి చేరిపోయింది. నేను చక్రాలు మార్చాలంటాను, బక్కోడి భుజం మానాలంటాను, హిస్పానియాలోనే ఇంకొన్ని పందేలు ఆడాలంటాను.

"రేపు నువ్వు ఆఫీసుకెళ్లాక నేనే ఆడి రోముకు తీసుకెళ్తాను" అని బెదిరించాడు. వాడి చేతికి చిక్కకుండా ఆటను వేరే పేరుతో కూడా దాచిపెట్టి, కంప్యూటర్ కట్టేసి వచ్చి ఇది రాస్తున్నాను.