మా వీధి డ్రైను, మున్సిపాలిటీ ఎం-బుక్కు: నా అనుభవం

మా వీధిలో సీసీ డ్రైను కట్టిన రెండో ఏడాదికే గోడలకి నిలువునా పగుళ్లు వచ్చాయి. పగుళ్ల వెంట తుప్పు చారలు దిగాయి. అది ఒక గొడవ. ఇంకోటేమిటంటే, వాన చినుకు లేకపోయినా అమావాస్యకీ పౌర్ణమికీ మురుగు పొంగి ఇళ్ల మెట్ల దాకా వచ్చేది. మాది ఆంధ్ర తీరంలో ఉప్పుటేరుని ఆనుకుని ఉన్న చిన్న మున్సిపాలిటీ. పేరు రాయను. ఆ ఆఫీసు మెట్లు రేపు మళ్లీ ఎక్కాల్సినదాన్ని.

ముందు అందరూ చేసేదే చేశాను. వార్డు సచివాలయానికి వెళ్లి ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పాను. మర్యాదస్తుడైన కుర్రాడు. ఫోటో తీసుకుని, మనుషుల్ని పంపి పూడిక తీయించాడు. నా ఫోన్‌కి సమస్య పరిష్కారమైనట్టు మెసేజ్ వచ్చింది. తర్వాతి పౌర్ణమికి మురుగూ వచ్చింది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే అది తిరిగి తిరిగి ఆ కుర్రాడి దగ్గరికే చేరింది. కౌన్సిలర్ గారైతే "ఆ వీధికి పనొచ్చిందే గొప్పమ్మా" అన్నారు.

పక్క వీధిలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, బాబాయ్ గారనే పిలుస్తాను. ఆయన నా అర్జీ కాపీ చదివి నవ్వారు. "అమ్మాయ్, అర్జీకి జవాబొస్తుంది, కాగితం రాదు. నీకు కావాల్సింది కాగితం" అన్నారు. ఏ కాగితాలో కూడా ఆయనే చెప్పారు: ఎస్టిమేట్, దానికిచ్చిన సాంక్షన్, కౌన్సిల్ తీర్మానం, టెండరు కంపారిటివ్ స్టేట్‌మెంట్ (ఎవరెంత రేటు వేశారో చూపే పట్టిక), అగ్రిమెంట్, ఎం-బుక్ (చేసిన పని కొలతల పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు. చిన్న పనైనా పెద్ద పనైనా ఈ దారిలోనే నడుస్తుంది, ఎక్కడ కాలు జారినా ఏదో ఒక కాగితంలో గుర్తు మిగులుతుంది అన్నారు.

సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు రాశాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేశాను. "డ్రైను ఎందుకు పగిలింది" లాంటి ప్రశ్నలు పెట్టొద్దని బాబాయ్ గారు ముందే హెచ్చరించారు. ఆ చట్టం ఆఫీసులో ఉన్న రికార్డు ఇప్పిస్తుందే గానీ సంజాయిషీ ఇప్పించదు. అందుకని ఫలానా పని, ఫలానా ఆర్థిక సంవత్సరం, ఫలానా రికార్డుల నకళ్లు అని మాత్రమే రాశాం. చివర్లో ఒక వాక్యం చేర్పించారు: సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డులూ పనీ స్వయంగా తనిఖీ చేసేందుకు, మెటీరియల్ శాంపిల్ తీసుకునేందుకు అవకాశం ఇవ్వాలి అని. శాంపిల్ తీసుకునే హక్కు మనకుందని అప్పటిదాకా నాకు తెలీదు. ఊళ్లో చాలామందికి ఇప్పటికీ తెలీదు.

ముప్పై రోజుల గడువు తీరుతుందనగా జవాబొచ్చింది. కాంట్రాక్టరు అభ్యంతరం చెప్పారు, ఇది మూడో పక్షం సమాచారం, వాణిజ్య రహస్యం కిందికి వస్తుంది, ఇవ్వలేం అని. ఎం-బుక్‌లో రహస్యమేముంటుంది? అది కాంట్రాక్టరు రాసుకున్న పుస్తకం కాదు, మున్సిపల్ ఇంజినీరు తన చేత్తో కొలతలు రాసే పుస్తకం. సెక్షన్ 11 ప్రకారం మూడో పక్షం మాట వినాలి, నిజమే. వినాలన్నారు గానీ, వాళ్లు వద్దంటే ఇవ్వకూడదని అనలేదు. ఇదే సంగతి ఒక పేజీలో రాసి మొదటి అప్పీలు వేశాను. అప్పీలు విచారణ ఐదు నిమిషాలు కూడా జరగలేదు. "చూసుకోనివ్వండి, నకళ్లకి పేజీకి రెండు రూపాయలు కట్టించుకోండి" అని ఉత్తర్వు. మొదటి దరఖాస్తుకే ఆ మాట చెప్తే ఏం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఓ మూల బల్ల చూపించారు. నేను అకౌంట్స్ పని చేసేదాన్ని కాబట్టి బిల్లులు చూస్తే భయం లేదు. ఎం-బుక్ పేజీలకి ముందే నంబర్లు అచ్చయి ఉంటాయి. తప్పు రాస్తే చెరపకూడదు, కొట్టేసి పక్కన ఇనీషియల్ పెట్టాలి. మా డ్రైను పేజీలో ఒక్క కొట్టివేత లేదు. ఇంత శుభ్రమైన కొలతలు ఎండలో నిలబడి రాసినవి కావనిపించింది, పైకి అనలేదు. నంబరు, పొడవు, వెడల్పు, లోతు అని గళ్లు. గోడ మందం దగ్గర పొడవునా 0.15. అంటే ఆరంగుళాలు. కింద ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సంతకం, దాని కింద ఆ కొలతలు మళ్లీ సరిచూసినట్టు, అంటే చెక్ మెజర్‌మెంట్ చేసినట్టు, ఆయన పై అధికారి డీఈ సంతకం. పగిలిన చోట మా ఇంటి ముందు నేను టేపు పెట్టి చూసిన గోడ నాలుగంగుళాలకి కాస్త ఎక్కువ, అంతే.

టెండరు ఫైలు అంత ఆసక్తిగా లేదు, ఒక్క సంగతి తప్ప. పని ఇరవై శాతం పైన లెస్‌కి, అంటే ఎస్టిమేట్ కంటే అంత తక్కువ రేటుకి పోయింది. జనం ఎక్కువ రేటు వేసి దోచుకుంటారని తిడుతుంటారు. నిజానికి ఎస్టిమేట్ మీద ఐదు శాతం మించి ఎక్సెస్ ఒప్పుకోకూడదని 2003 నాటి జీవో 94 చెప్తోంది, పైకి పోవడానికి పెద్దగా సందు లేదు. కిందికి మాత్రం పోవచ్చు. మున్సిపాలిటీకి డబ్బు మిగిలిందని కౌన్సిల్లో చప్పట్లు కూడా కొడతారు. ఆ ఇరవై శాతం ఎవరో జేబులోంచి పెట్టుకోరు కదా, గోడ మందంలోంచో సిమెంటులోంచో క్యూరింగులోంచో వస్తుంది. నన్నడిగితే బాగా లెస్‌కి పోయిన పని దగ్గర రెండింతలు కాపలా ఉండాలి.

ఇదంతా ఒకెత్తు, ఎస్టిమేట్ ఒకెత్తు. అది తీరిగ్గా చదివితే కాంట్రాక్టరు మీద కోపం సగం తగ్గింది. కాంక్రీటు ఎం20 అని ఉంది. ఎం పక్కన అంకె కాంక్రీటు బలాన్ని చెప్తుంది, పెరిగేకొద్దీ గట్టిది. ఐఎస్ 456 కోడ్ (2000) ప్రకారం తీరపు గాలికి ఎదురుగా ఉండే ఆర్‌సీసీకి (ఇనుప ఊచలు వేసిన కాంక్రీటుకి) కనీసం ఎం30 వాడాలి, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు పొర ఉండాలి. ఉప్పు లోపలికి దిగిందంటే ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటుని పగలగొట్టుకుని బయటికొస్తుంది. మా గోడల మీద చారలు అవే. అంటే ఎస్టిమేట్‌లో ఉన్నది ఉన్నట్టు కట్టినా ఆ డ్రైను ఎక్కువకాలం నిలిచేది కాదు. ఏఈ గారిని అడిగితే దాచుకోలేదు. "పాత ఎస్టిమేట్ ఫైలు తెరిచి పొడవు మారుస్తాం మేడమ్. నాలుగు వార్డులకి నేనొక్కణ్నే" అన్నాడు. పాపం అనిపించింది.

మురుగు వెనక్కి రావడం సంగతి ఎల్-సెక్షన్ డ్రాయింగులో (డ్రైను పొడవునా ఎత్తుపల్లాలు చూపే బొమ్మలో) తేలింది. మట్టాలన్నీ కల్వర్టు పారాపెట్ (పిట్టగోడ) ఎత్తుని 100.000 మీటర్లు అనుకుని, దాన్నిబట్టి రాశారు. అలా అనుకోవడం మామూలే, తప్పేం కాదు. కానీ సముద్రపు పోటు ఎంత ఎత్తుకి వస్తుందో ఆ కాగితంలో ఎక్కడా లేదు. డ్రైను వాలు చక్కగా ఉప్పుటేటి వైపుకే గీశారు, ఏరు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటుందన్నట్టు.

ఏటి ఒడ్డున వలలు బాగుచేసుకునే తాతని అడిగాం. ఆయన కల్వర్టు కాలి మీద గుల్లలు పట్టిన గీత చూపించి, "పోటు నీళ్లు ఇక్కడిదాకా వస్తాయమ్మా. తూము దీనికంటే కింద పెట్టారు. ఇంక నీళ్లు బయటికెలా పోతాయి, లోపలికే వస్తాయి" అన్నాడు. బాబాయ్ గారు ఒక మేస్త్రీ దగ్గర లెవెల్ ట్యూబు (మట్టం చూసే నీళ్ల గొట్టం) తెచ్చారు. ఒక కొస నేను గుల్లల గీత దగ్గర పట్టుకున్నాను, ఇంకో కొస ఆయన తూము దగ్గర. ట్యూబులో నీళ్లు కుదుటపడ్డాక చూస్తే తూము అడుగు ఆ గీతకంటే జానెడుకి పైగా కిందికే ఉంది. అక్కడే ఫోటో తీశాం.

ఈసారి అర్జీలో సమస్య రాయలేదు. ఎం-బుక్ పేజీ నకలు, టేపుతో తీసిన ఫోటో, ఎల్-సెక్షన్ నకలు, ట్యూబు ఫోటో పెట్టి, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలొస్తే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు) ఇంకా ఉందన్న ఒక్క వాక్యం రాశాను. శాంపిల్ కోసం గోడ కోయించమనే దరఖాస్తు విడిగా ఇచ్చాను. అది వేసిన వారంలోనే డీఈ గారు స్వయంగా వచ్చారు. ఉత్త అర్జీకి రానివాళ్లు శాంపిల్ అనగానే వచ్చారు. మూడు చోట్ల చెక్కించి చూశారు, రెండు చోట్ల మందం తక్కువ. కాంట్రాక్టరు సెక్యూరిటీ డిపాజిట్ ఆపేశారు, మా ఇంటి వైపు కొంత భాగం ఆయన చేతే పగలగొట్టించి మళ్లీ కట్టించారు. ఎం-బుక్‌లో సంతకాలు పెట్టినవాళ్లకి మెమో ఇచ్చామన్నారు. ఆ మెమో నకలు అడిగాను, ఇంకా రాలేదు.

పోటు సంగతికి ఇంకో పని కావాల్సొచ్చింది. తూము దగ్గర ఫ్లాప్ గేటు (నీళ్లని బయటికి వదిలి, పోటుకి మూసుకునే తలుపు), చివరి భాగానికి ఎం30 కాంక్రీటు కలిపి కొత్త ఎస్టిమేట్ వేశారు. అది కౌన్సిల్‌కి టేబుల్ అజెండాగా వెళ్లింది. ముందు పంచిన అజెండాలో లేకుండా అప్పటికప్పుడు బల్ల మీదికొచ్చే అంశాలంటే నాకు మామూలుగా ఒళ్లు మంట, ఇది మాత్రం అలా వెళ్లినందుకే త్వరగా పాసైంది. 2019 నుంచి 2021 మార్చి ఎన్నికల దాకా కౌన్సిల్ లేక ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. అప్పుడు అజెండా చూపించమని అడగడానికి కౌన్సిలరు కూడా లేడు. ఆ లెక్కన ఇది నయమే.

ఫ్లాప్ గేటుతో పూర్తిగా తీరిపోతుందని నేననను. పోటూ పెద్ద వానా ఒకేసారి వస్తే గేటు మూసుకునే ఉంటుంది, వీధిలో వాననీరు వీధిలోనే నిలుస్తుంది. దానికి సంపూ మోటారూ కావాలి, నిధులు లేవని ఆ ఐటమ్ కొట్టేశారు. టెండరు పిలిచారు, ఇంకా తెరవలేదు. కాంక్రీటు పోసే రోజు ముందుగా చెప్పాలని, బలం పరీక్షించే కాంక్రీటు క్యూబులు వీధివాళ్ల ముందే తీయాలని, 28 రోజుల టెస్టు రిపోర్టు వచ్చాకే బిల్లు పెట్టాలని రాసిచ్చాను. ఇన్‌వార్డ్ నంబరు వేసిన కాపీ బాబాయ్ గారి దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉంది.