అప్‌గ్రేడ్ అయినంక డిస్క్ నిండిపోతె 10 జీబీ ఎట్ల ఖాళీ చేసిన

మాది నల్లగొండల గడియారం దగ్గర డీటీపీ షాపు, పెండ్లి పత్రికలన్నీ ఉబుంటుల (విండోస్ లెక్క ఇంకో సిస్టం, లైనక్స్‌ది) బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ మీదనే చేస్త. ఉబుంటు 20.04 వర్షన్‌కి మామూలు సపోర్ట్ 2025 మే నెలల అయిపోయింది గదా, అందుకని మొన్న ఆదివారం కూసొని ముందు 22.04కి, అక్కడికెల్లి 24.04కి తీస్కపోయిన, ఎల్‌టీఎస్‌ల (ఎక్కువ ఏండ్లు సపోర్ట్ ఉండే వర్షన్లల్ల) మధ్యది వదిలేసి పోనియ్యదు. అప్‌గ్రేడ్ మంచిగనే అయింది.

తెల్లారి దేవరకొండ దిక్కుకెల్లి వచ్చినాయన పత్రిక సేవ్ చేస్తుంటె డిస్క్ ఫుల్ అన్నది. రీస్టార్ట్ చేసిన, ఇగ పాస్‌వర్డ్ కొట్టుడు, మళ్ళ లాగిన్ స్క్రీనే వచ్చుడు. పెండ్లి 9 రోజులే ఉంది, ఆయన ఎదురుంగనే కూసున్నడు, నాకు చెమటలు పట్టినయ్.

పక్క షాపు దోస్తు బూట్ ఫోల్డర్ల పాత ఫైళ్ళు తీసేయమన్నడు. అక్క కొడుకుకు ఫోన్ చేస్తె "వద్దు మామా, అవి చేతితోని తీస్తె సిస్టం లేవకపోవచ్చు, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టు" అన్నడు. నల్ల స్క్రీన్ వచ్చింది, అండ్ల లాగిన్ అయింది. డిస్క్‌ల జాగ చూపెట్టే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తె లైనక్స్‌కి ఇచ్చిన 50 జీబీ మొత్తం నిండింది.

ముందు ఏపీటీ క్లీన్ కొట్టిన, డౌన్‌లోడైన ప్యాకేజీలు 2 జీబీ పోయినయ్. ఇదే ముందుగాల ఎందుకంటె పాత కెర్నెళ్ళు (సిస్టంకు గుండెకాయ లెక్కటి ప్రోగ్రాం) తీసేటందుకు కూడ జర జాగ కావాలె. తర్వాత యూనేమ్‌తోని ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ 6.8 అని చూస్కొని ఏపీటీ ఆటోరిమూవ్ పర్జ్ ఇచ్చిన, 5.15వి పాతయి పోయినయ్, నడిచేదాన్ని అది ముట్టది. ఇంకో 2 జీబీ వచ్చింది.

నేను అస్సలు అనుకోనిది జర్నల్, అంటె సిస్టం ఏం జరిగిందో రాస్కునే లాగ్‌లు. అవే 4 జీబీ! డిస్క్‌ల పదో వంతు దాక, ఎక్కువల ఎక్కువ 4 జీబీ దాక పెరగనిస్తదంట. జర్నల్‌సీటీఎల్ వాక్యూమ్ సైజ్ 200ఎం అని ఇస్తె తగ్గింది, మళ్ళ పెరగకుంట జర్నల్‌డీ కాన్ఫ్ ఫైల్ల సిస్టం మాక్స్ యూజ్ కూడ 200ఎం పెట్టిన. యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే స్నాప్ కూడ అప్‌డేటైన ప్రతి యాప్‌ది పాత వర్షన్ దాస్కుంటది, స్నాప్ లిస్ట్ ఆల్‌ల డిజేబుల్డ్ అని ఉన్నయ్ రివిజన్ నంబర్‌తోని ఒక్కొక్కటే తీసిన, 2 జీబీ పైనే.

మొత్తం 10 జీబీ దొరికింది, మామూలు స్క్రీన్‌ల లాగిన్ అయింది. ఆయన పత్రిక పొద్దుమీకేలోపల ప్రింటుకు పంపిన.